బండ మీద కొబ్బరికాయ

ఆయన నా సర్ఫేస్ ప్లేటు మీద కొబ్బరికాయ కొట్టాడు.

ఇది జరిగిన సంగతి. ఎవరూ కాదనలేదు, ఆయన కూడా కాదనలేదు. బండ మూల దగ్గర బియ్యపు గింజంత పెచ్చు లేచిపోయింది. కావాలంటే ఇప్పుడైనా వెళ్లి వేలితో తడిమి చూడవచ్చు. కాకపోతే అక్కడ ఇప్పుడెవరున్నారో, నా పేరు చెబితే గేటు తీస్తారో లేదో నాకు తెలియదు.

సర్ఫేస్ ప్లేటంటే ఏమిటో తెలియనివాళ్లు దీన్ని చిన్న విషయం అనుకుంటారు. అది నల్లటి గ్రానైట్ బండ. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఇనప స్టాండు మీద నడుమెత్తులో ఉంటుంది. తలవెంట్రుకను పది పాయలు చీలిస్తే అందులో ఒక పాయంత ఎత్తుపల్లం కూడా దాని మీద ఉండకూడదు. షాపులో తయారయ్యే ప్రతి వస్తువునూ దాని మీద పెట్టే కొలవాలి. ఊళ్లో అందరి చేతి గడియారాలూ తప్పు చూపించవచ్చు, గంటస్తంభం తప్పు చూపించకూడదు. మా షాపుకి ఆ బండ గంటస్తంభం. దాని మీద టీ గ్లాసు పెట్టినవాడిని కూడా నేను క్షమించలేదు. ఆయన కొబ్బరికాయ కొట్టాడు.

మొన్న ఖాదర్ ఫోన్ చేశాడు. ఖాదర్ మా వెల్డరు. ముప్పై ఏళ్లు గ్రైండర్ల మోతలో బతికినవాడు కాబట్టి ఫోన్లో ఎప్పుడూ కేకలే. ఆ రోజు మెల్లగా మాట్లాడాడు. ఆ మెల్లదనంలోనే సంగతి సగం అర్థమైంది. ఫోర్‌మన్ సాబ్ పోయిండు సార్, అన్నాడు. నేను అయ్యో అన్నాను. నిజంగానే అన్నాను. కానీ ఆ అయ్యో వెనకాలే నా కళ్ల ముందుకి వచ్చింది మాత్రం ఆ బండ, దాని మీద రెండు కొబ్బరి చిప్పలు. మనిషి పోయాక కూడా కోపం పోకపోవడం మంచి లక్షణం కాదని నాకు తెలుసు. తెలిసి ఏం లాభం.

నాచారం పారిశ్రామికవాడలో పంపుల భాగాలు చేసే చిన్న మిషన్ షాపు మాది. ఓనరు కాకుండా పద్దెనిమిది మందిమి. నేను ఇన్‌స్పెక్టరుని. చేసిన పని బాగుందో లేదో చెప్పడం నా పని; కాబట్టి నన్ను ఇష్టపడేవాళ్లు ఎవరూ ఉండరు. నేను చదివింది ఎనిమిదో తరగతి. మిగతాదంతా ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పుస్తకాల్లోంచి నేర్చుకున్నాను. డ్రాయింగు చదవడం, కొలతలు, పదార్థవిజ్ఞానం, అన్నీ. పుస్తకం చదివి నేర్చుకున్నవాడికి పుస్తకంలో లేనిదాని మీద కాస్త కోపం ఉంటుంది. ఆయన దగ్గర పుస్తకంలో లేనివే ఎక్కువ.

ఆయన జనగామ వైపు మనిషి. బక్కగా, పొడుగ్గా, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక దువ్వెనతో ఉండేవాడు. తల మీద దువ్వడానికి పెద్దగా ఏమీ లేదు. అయినా ప్రతి మిషన్ మొదలుపెట్టే ముందు తల దువ్వుకుని, స్విచ్చుని వేళ్లతో తాకి, ఆ వేళ్లు కళ్లకద్దుకుని అప్పుడు నొక్కేవాడు. పెద్ద మిల్లింగ్ మిషన్ కిందా, ప్రెస్సు కిందా నిమ్మకాయలు పెట్టేవాడు. టూల్‌రూమ్ గోడ మీద ఆయన పెట్టిన పటాల వరసలో లక్ష్మీదేవి, ఆంజనేయుడు, కొమురవెల్లి మల్లన్న, వాళ్ల పక్కన మక్కా, ఆ పక్కన ఏదో క్యాలెండర్లోంచి కత్తిరించిన ఏసుప్రభువు ఉండేవాళ్లు. ఇంతమంది ఎందుకయ్యా అని ఒకసారి అడిగాను. షాపుల మూడు షిఫ్టులున్నయి గద సార్, అన్నాడు.

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి పది నిమిషాల పూజ. పూజారి ఆయనే. మంత్రాలు ఒక్కటీ రావు. ఆ లోటు ఎలా పూడ్చుకునేవాడంటే, మిషన్ల పేర్లు చదివేవాడు. ఒకటో నంబరు లేతుకు బేరింగు మంచిగుండాలె, రెండో నంబరుకు గేర్లు అరవొద్దు, కంప్రెసరుకు గాలి లీకు గావద్దు, జనరేటరు అవసరం రావద్దు. ఒక్కో మిషన్ రోగం ఒక్కోటి, పేరుపేరునా. వెనకాల పదహారు మంది కళ్లు మూసుకుని అదే పెద్ద స్తోత్రమన్నట్టు వినేవాళ్లు. ఫ్యాన్ల గాలికి అగ్గిపుల్ల నిలవదు కాబట్టి ఖాదర్ తన గ్యాస్ టార్చి మంట సన్నగా చేసి తెచ్చి కర్పూరం అంటించేవాడు. అంటించి రెండడుగులు వెనక్కి జరిగి నిలబడేవాడు. అది వాళ్లిద్దరి ఒప్పందం. శుక్రవారం మధ్యాహ్నం ఖాదర్ నమాజుకి వెళ్లి వచ్చేదాకా వెల్డింగు పని ఏదీ అతని టేబుల్ మీదికి రానీయకుండా చూడటం ఆ ఒప్పందంలో రెండో సగం.

రంజాన్ వస్తే ఇంకా చిత్రం. ఖాదర్ ఉపవాసం ఉంటాడు కదా అని ఆయన అతని ఎదుట నీళ్లు తాగేవాడు కాదు. తాగకపోతే తాగకపోయాడు, షాపులో ఇంకెవరినీ తాగనిచ్చేవాడు కాదు. అందరూ సీసాలు పట్టుకుని కంప్రెసర్ వెనక్కి వెళ్లాలి. ఎండాకాలం వచ్చిన రంజాన్ నెలలో కంప్రెసర్ వెనక సినిమా హాలు టికెట్ల క్యూలాంటిది ఉండేది. చివరికి ఖాదరే విసిగిపోయి షాపు నడిమధ్య నిలబడి అందరికీ వినబడేలా చెప్పాడు. "రోజా నాది భాయ్. మీరెందుకు దొంగల లెక్క తాగుతున్రు? నా ముంగట్నే తాగున్రి, నాకేం కాదు." ఆయన ఒప్పుకోలేదు. నీకు గాకుంటే గాకపాయె, నాకైతది, అన్నాడు.

నేను వీటిలో దేనికీ వెళ్లేవాణ్ణి కాదు. పని చేసే చోట పని చెయ్యాలి, దేవుడి సంగతి ఇంట్లో చూసుకోవాలి అన్నది నా సిద్ధాంతం. ఎనిమిదింటికి ఆయన గంట మోగించగానే నేను ఇన్‌స్పెక్షన్ గది గడియ పెట్టుకునేవాణ్ణి. కర్మాగారం ప్రార్థనాస్థలం కాదు, పది నిమిషాల చొప్పున ఏడాదికి ఎంత పని పోతుందో ఆలోచించండి అని ఓనరుకి రెండు పేజీల ఉత్తరం రాశాను. వారం తరవాత జవాబుగా నా టేబుల్ మీదికి ఒక తిరుపతి లడ్డూ వచ్చింది. ఓనరు ఆ వారమే కొండకి వెళ్లి వచ్చాడట.

ఆయనతో మాత్రం నాకు అప్పట్లో స్నేహమే. ఇద్దరం ఉప్పల్లో ఒకే షేర్ ఆటో ఎక్కేవాళ్లం. మధ్యాహ్నం ఒకే బల్ల మీద డబ్బాలు విప్పేవాళ్లం. మా ఇంటి గోంగూర కోసం ఆయన, ఆయన ఇంటి జొన్నరొట్టె కోసం నేను. కొబ్బరికాయ కొట్టడంలో ఆయనకో విద్య ఉండేది. చెవి దగ్గర పెట్టుకుని ఊపి, గోటితో తట్టి, గేటు పక్కన ఉన్న రైలు పట్టా ముక్క మీద ఒకే ఒక్క దెబ్బ కొట్టేవాడు. సరిగ్గా రెండు సగాలు. ఒకసారి నాకు నమ్మకం కలగక రెండు చిప్పలూ లోపలికి తెచ్చి వెర్నియర్‌తో కొలిచాను. అంచు దగ్గర మిల్లీమీటరు తేడా. ఆయన గడప అవతల చేతులు కట్టుకుని నిలబడి, పాసా రిజెక్టా సార్, అన్నాడు. పాస్, అన్నాను. చిప్ప తీసుకుని కళ్లకద్దుకుని పోయాడు. చేసిన పనీ అంతే, ఆయన రెండు చేతుల్తో పట్టుకుని తెచ్చేవాడు, పాసైతే కళ్లకద్దుకునేవాడు. భయపడే పనివాళ్ల వస్తువులు కూడా తనే మోసుకొచ్చేవాడు.

నా గది గురించి కూడా చెప్పాలి, లేకపోతే జరిగిన అపచారం ఎంతో తెలియదు. షాపు మొత్తంలో ఏసీ ఉన్నది ఆ గదికే. చెప్పులు బయట విడిచి రావాలి. దుమ్ము పడితే కొలత తప్పుతుంది. చేతులు కడుక్కుని రావాలి. నూనె అంటితే కొలత తప్పుతుంది. పసుపు రంగు గీత వేయించాను, దాన్ని దాటకూడదు. గట్టిగా మాట్లాడకూడదు, మాట్లాడితే నా లెక్క తప్పుతుంది. బండని నేను తప్ప ఎవరూ ముట్టకూడదు. ఉదయం ఎనిమిదికి ముందే నేనే స్పిరిట్‌తో మల్లుగుడ్డ పెట్టి తుడిచేవాణ్ణి. సాయంత్రం నేనే బట్ట కప్పేవాణ్ణి. ఒక ఆదివారం పెద్ద వాన పడితే పైకప్పు కారుతుందేమోనని రామంతాపూర్‌లో మా ఇంటి నుంచి తడుస్తూ వెళ్లి చూసి వచ్చాను. శాస్త్రీయంగా పని చేయడమంటే అది. ఇన్నేళ్లు కష్టపడి ఆ ఒక్క గదినైనా వాళ్ల గంటలకీ అగరొత్తులకీ దూరంగా ఉంచాను.

రాష్ట్రం రావడానికి ఎనిమిదేళ్ల ముందు, దసరాకి, ఆయుధ పూజ నాడు గేజీలు పరీక్షకి ఇచ్చి రావడానికి బాలానగర్ వెళ్లాల్సి వచ్చింది. ప్రతి ఏడూ ఆ రోజు గడియ పెట్టుకుని లోపలే కూర్చునేవాణ్ణి. ఆ ఏడు కూర్చోలేదు. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి నా గది తలుపు బయట పదిహేడు జతల చెప్పులు వరసగా ఉన్నాయి. లోపల బండ మీద మూడు పసుపు గీతలు, నడుమ కుంకుమ బొట్టు, బంతిపూలు, అరటిపళ్లు. గుండ్రటి కడ్డీలు కొలిచేటప్పుడు దొర్లిపోకుండా పెట్టుకునే నా వీ-బ్లాకులో నాలుగు అగరొత్తులు గుచ్చి ఉన్నాయి. కొబ్బరికాయ రెండు చిప్పలై ఉంది. నీళ్లు అంచు మీంచి ఇంకా బొట్లు బొట్లుగా కారుతున్నాయి. పదహారు మందీ గీత వెనకే నిలబడి ఉన్నారు. గీత దాటింది ఆయన ఒక్కడే. ఒక్కరూ గట్టిగా మాట్లాడటం లేదు.

చెప్పులు బయట విడిచారు. ఆ ఒక్క విషయంలో వాళ్లని తప్పు పట్టలేను.

నేను అరవలేదు. అందరినీ బయటికి పంపి, బండ కడిగి, తుడిచి, మోకాళ్ల మీద కూర్చుని భూతద్దంతో నేలంతా వెతికాను. లేచిన పెచ్చు దొరకలేదు. మూల మీద ఎర్ర రంగుతో గుండ్రంగా గీసి 'వాడరాదు' అని రాశాను. తరవాత బండని పరీక్షించడానికి వచ్చినతను రోజంతా కొలిచి, మూల వదిలేసి వాడుకోండి, మిగతాదంతా దివ్యంగా ఉంది, అన్నాడు. నాకు ఆ మాట నచ్చలేదు. ఇంకోసారి కొలవమన్నాను.

ఆ మర్నాడే లోపాల రిపోర్టు రాశాను. మా షాపులో ఏ తప్పు జరిగినా దానికో ఫారం ఉంటుంది, అందులో నాలుగు గళ్లు: లోపం, కారణం, సరిదిద్దిన పని, మళ్లీ జరగకుండా చేసేది. మొదటి గడి నేను నింపాను. రైలు పట్టా ముక్క ఉండగా సర్ఫేస్ ప్లేటు మీద కొబ్బరికాయ కొట్టుట. మిగతా మూడూ తప్పు చేసినవాళ్లు నింపాలి. నాలుగూ నిండితేనే రిపోర్టు మూసేది. ఆయన చేతికిచ్చాను. చదివి, మడిచి, దువ్వెన పక్కన పెట్టుకుని, నోటితోని చెప్తా ఇను సార్, అన్నాడు. నోటి మాట చెల్లదు, రాసివ్వు, అన్నాను. ఆయన జేబు మీద చెయ్యి వేసి అన్నాడు.

"ఇప్పుడు రాస్తే నువ్వు ఈ అర్రల ప్రశాంతంగ ఉండలేవు సార్. నువ్వు రిటైరయ్యే నాడు రాస్తా. అప్పటిదాంక ఓపిక వట్టు."

అది బెదిరింపో, దయో నాకు తెలియలేదు. తెలియనిది ఒప్పుకోవడం నాకు చేతకాదు. ఆ రోజు నుంచి పని మాటలు తప్ప ఆయనతో మాట్లాడటం మానేశాను. డబ్బా నా గదిలోనే విప్పడం మొదలుపెట్టాను. జొన్నరొట్టె పోయింది. ఆటో మాత్రం మారలేదు. ఉప్పల్ నుంచి నాచారం దాకా ఏడుగురిని కుక్కే ఆటోలో మోకాళ్లు తగులుతూ కూర్చునేవాళ్లం, నడుమ ఖాదర్. నేను ఖాదర్‌తో, రిపోర్టు ఎప్పుడిస్తాడో ఆయన్ని అడుగు, అనేవాణ్ణి. ఆయన ఖాదర్‌తో, రిటైరయ్యే నాడని చెప్పు, అనేవాడు. ఖాదర్ ఇటు చెప్పేవాడు కాదు, అటు చెప్పేవాడు కాదు. ఇద్దరికీ వినబడుతోంది కదా. ఒకరోజు మాత్రం, నాకు జీతం వెల్డింగుకే ఇస్తున్రు, తపాలాకు ఇస్తలేరు, అన్నాడు.

నెలనెలా మూయని రిపోర్టుల జాబితా తయారుచేసేవాణ్ణి. తొంభై ఆరు నెలలు అందులో అదొక్కటే. జర్మనీ నుంచి ఒక కొనుగోలుదారు మనిషిని పంపితే, అతను జాబితా చూసి ఇదేమిటని అడిగాడు. మేనేజరు, ఫోర్‌మన్‌ని అడగండి అన్నాడు. ఆయన్ని పిలిపిస్తే నిటారుగా నిలబడి, ఎంక్వయిరీ నడుస్తున్నది, అన్నాడు. జర్మనీ మనిషికి అది చాలా నచ్చింది. మిగతా చోట్ల ఏదో ఒకటి రాసి మూసేస్తారు, ఇక్కడ నిజాయితీగా తెరిచి ఉంచారు అని పొగిడి వెళ్లాడు. పొగిడింది నన్నో ఆయన్నో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో షాపులో సరదాలు ముదిరాయి. నేను తెనాలి వైపు వాణ్ణి. రాష్ట్రమొస్తే సారు పోతడు, బండ మాత్రం మాకే అని లేతు దగ్గరివాళ్లు నాకు వినబడేలా పంపకాలు వేసేవాళ్లు. ఆయన వాళ్లతో, బండ నడ్వదు, సారు లేకుంటే ఏం జేస్కుంటర్రా దాన్ని, అన్నాడట. ఇది మాత్రం ఖాదరే చెప్పాడు.

మరో సంగతి. ఆ మధ్యలో ఒక ఏడు మా ఆవిడకి పిత్తాశయం ఆపరేషనైంది. నేను ఎవరికీ చెప్పలేదు, సెలవు చీటీలో రాశానంతే. రెండు వారాల తరవాత శుక్రవారం గడియ పెట్టుకుని లోపల కూర్చున్నాను. తలుపు అవతల నుంచి ఆయన మిషన్ల జాబితా వినబడుతోంది. ఒకటో నంబరు బేరింగు, రెండో నంబరు గేర్లు, కంప్రెసరు, జనరేటరు. అక్కడితో అయిపోవాలి. అవలేదు. "ఇన్‌స్పెక్షన్ సారింటామెకు కుట్లు జల్ది మానాలె," అన్నాడు. గంట మోగింది. దాని మీద రిపోర్టు రాయడానికి నా దగ్గర ఫారం లేదు.

అప్పుడైనా తలుపు తీయాల్సింది. నేను తీయలేదు.

రాష్ట్రం వచ్చిన ఏడే నేను రిటైరయ్యాను. ఉప్పల్ రోడ్డంతా మెట్రో స్తంభాల కోసం తవ్వేసి ఉంటే ఆటో గంట ఆలస్యమైంది. ఆఖరి రోజు ఆలస్యంగా వచ్చిన ఇన్‌స్పెక్టరుగా రికార్డుకెక్కాను. దండ వేశారు, శాలువా కప్పారు, ఓనరు నాలుగు మాటలు చెప్పాడు. ఆయన ఆ గుంపులో లేడు. నేను గదిలోకి వచ్చి చివరిసారి బండ తుడుస్తుంటే తలుపు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. తరవాత కుళాయి చప్పుడు. చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చి గీత వెనక నిలబడ్డాడు. జేబులోంచి బస్ పాసు ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో నా ఫారం, ఎనిమిదేళ్ల మడతలతో. నా పెన్ను అడిగాడు. బండ మీద పెట్టి రాయబోతాడేమోనని దానికి అడ్డంగా జరిగాను. గోడకి ఆనించి రాశాడు. చాలాసేపు రాశాడు. పెన్ను తిరిగిచ్చి, కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు.

"నేను బయటికి పోయినంక చదువు సార్. ఇప్పుడు చదివితే ఇంకో రిపోర్టు రాస్తవ్."

నేను గోంగూర సంగతి ఏదో అన్నాను. ఆయన నవ్వి, రొట్టె పంపిస్తా, అన్నాడు. పంపించాడు కూడా, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ, ఖాదర్ చేత.

చదివాను. బండ మీద బట్ట కప్పాను. లైటార్పి, బయటికి వచ్చి, చెప్పులు తొడుక్కున్నాను. నా చెప్పులు కూడా ఎప్పుడూ బయటే ఉండేవి. మొన్న ఖాదర్ ఫోన్ పెట్టేశాక పెట్టె అడుగు నుంచి ఆ కాగితం తీశాను. మూడు గళ్లలోనూ రాశాడు. ఉన్నది ఉన్నట్టు దింపుతున్నాను.

"కారణం: చెప్పులు బయట ఇడ్వమన్నవ్. చేతులు కడుక్కొమ్మన్నవ్. లోపట మాట్లాడొద్దన్నవ్, గీత దాటొద్దన్నవ్, నువ్వు తప్ప ఎవ్వలు ముట్టొద్దన్నవ్. పొద్దుగాల నువ్వే తుడుస్తవ్, మాపటికి నువ్వే బట్ట కప్పుతవ్. నల్లరాయి. ఆపీసరొచ్చినా భయపడనోళ్లు గా రాయి కాడ చేతులు కట్టుకొని నిలవడ్తరు. గసొంటి రాయిని ఇడిసిపెట్టి పట్టా ముక్క మీద ఎట్ల కొట్టాలె సారూ?

సరిదిద్దిన పని: లేసిన పెచ్చు పారెయ్యలేదు. మా ఇంట్ల దేవుని గూట్లె పెట్టిన.

మళ్ల జరగకుంట చేసేది: ఏం జేసే పని లేదు. రేపటి సంది నువ్వుండవు. ఇగ గా రాయి ఉత్త బండనే."